నలభై అంటే ఎంత?

సోమవారం ఉదయం తొమ్మిదీ పదికి గిజిగాడు ముక్కున ఉన్న గడ్డిపోచను గూటికి చుట్టి, వచ్చి కంప్యూటర్ ముందు వాలాడు.

తుమ్మలవాగు అడవిలో కోడ్ రాసే జంతువులకు ఒక గోడ ఉంది. ఎవరికైనా పనికొచ్చే నాలుగు లైన్లు కుదిరితే కాగితం మీద అచ్చు తీసి దానికి అంటిస్తారు. కావలసినవారు తీసుకుంటారు, అడగక్కర్లేదు. ఒక్కటే కట్టుబాటు: ప్రతి ముక్కకూ నెత్తిన మూడు లైన్లు ఉండాలి. ఎవరు రాశారు, ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు. ఇరవై ఏళ్లుగా ఆ మూడూ లేని కాగితం గోడెక్కలేదు. అడవికి అదొక గర్వం.

ఆ ఉదయం ఎద్దు వచ్చింది.

"ఏటా వానలకు నా కుంట నిండి గట్టు తెగుతోంది. నీళ్లు హద్దు దాటితే తూము దానంతటదే తెరుచుకోవాలి. కానీ చూసి చెయ్యండి. ఈ ఏటికి వానలు ఇక లేవు. ఉన్న నీళ్లే ఎండాకాలమంతా మా మంద తాగాలి."

గిజిగాడు నోరు తెరిచేలోపే నక్క ముందుకొచ్చింది. "నేనున్నాగా మావా! మధ్యాహ్నానికల్లా అయిపోతుంది."

నక్క గోడ దగ్గరికి వెళ్లింది. అక్కడ గిజిగాడిదే ఒక ముక్క ఉంది, పద్నాలుగు లైన్లు: నీళ్లు నలభై దాటితే తూము తెరువు, తగ్గితే మూసెయ్యి. ఉన్నదున్నట్టు తన కంప్యూటర్లోకి ఎక్కించుకుని, నెత్తిన మూడు లైన్లు చెరిపేసి తన పేరు పెట్టుకుంది.

"అవి తీసెయ్యకు బావా," అన్నాడు గిజిగాడు.

"యంత్రం వాటిని చదవదోయ్. ఉత్త అలంకారం."

"యంత్రం కోసం రాయలేదు. నీ కోసం రాశాను."

"నాకు ఇంకొకరు చెప్పాలా?" అంటూ నక్క బయల్దేరింది.

"మావ కుంట కొలబద్ద చూసుకున్నావా?" అని గిజిగాడు వెనకనుంచి అరిచాడు. నక్క అప్పటికే మలుపు తిరిగింది.

మధ్యాహ్నం కుంట గట్టు మీద మేకలూ కుందేళ్లూ చేరాయి. కొలబద్ద అరవై చూపిస్తోంది, కుంట సగానికి పైగా నిండి ఉంది. నక్క కోడ్‌ను తూము యంత్రానికి ఎక్కించి మీట నొక్కింది. తూము తలుపు పూర్తిగా లేచింది. నీళ్లు హోరున బయటికి దూకాయి.

"బావా, ఇంకా నిండలేదే! మూయించు!" అని అరిచింది ఎద్దు.

"నిండిందంటోంది మావా, కోడ్!" నక్క మీటలన్నీ వరసపెట్టి నొక్కుతోంది. తలుపు దిగలేదు.

ఎద్దు వాదించలేదు. నీళ్లలోకి దిగి, తూము నోటికి అడ్డంగా కూర్చుంది. హోరు ఆగి, పక్కలనుంచి సన్నగా కారడం మొదలైంది.

"నాకేం తొందర లేదు, నడుం ఒక్కటే తడుస్తోంది," అంది ఎద్దు. "నువ్వు నింపాదిగా చెప్పు. ఆ నలభై ఏమిటి?"

"నలభై అంటే... నలభయ్యే మావా."

"నలభై ఏం? మూరలా, జానలా, నా డెక్కలా?"

నక్క తోక ముడిచింది.

"రాసింది నువ్వేనంటివే!" అని ఒక మేక అంటే గట్టంతా నవ్వింది.

అంతలో గిజిగాడు వచ్చి వాలాడు. "మావా, నీ కొలబద్ద అంగుళాలదా, సెంటీమీటర్లదా?"

"సెంటీమీటర్లదే."

"నాది అంగుళాల లెక్క. మూడో లైన్లో రాసిపెట్టాను. సెంటీమీటర్ల కొలబద్దకు ఇది పనిచేయదు, రెండున్నరతో గుణించుకోండి అని."

యంత్రంలో నలభై తీసి వంద పెట్టాడు. ఎద్దు లేచింది, తలుపు దిగింది. కొలబద్ద యాభై ఏడు దగ్గర ఆగింది. మంద నీళ్లు మందకే మిగిలాయి.

చెరిపేసిన మూడు లైన్లనూ నక్క అక్కడే, అందరూ చూస్తుండగా, ఒక్కొక్క అక్షరం కొట్టి మళ్లీ పెట్టింది.

పంచిన పనిని ఎవరైనా తీసుకోవచ్చు. దానితో ఇచ్చిన హెచ్చరికను పారేసినవాడు మాత్రం ఆ పనినే పోగొట్టుకుంటాడు.

తొమ్మిది రోజుల తరవాత కొండ అవతలి అడవినుంచి కొండముచ్చుల ఉత్తరం వచ్చింది. గిజిగాడి పద్నాలుగు లైన్లు రెండేళ్లుగా అక్కడ ఏడు కుంటలను కాపాడుతున్నాయట. పైన అతని పేరూ, ఆ కింది రెండు లైన్లూ చెక్కుచెదరలేదు. నాలుగోది వాళ్లు చేర్చుకున్నారు: "మా కొలబద్దలు సెంటీమీటర్లవి. మూడో లైన్ చదివాం, గుణించాం. ఒక్క గట్టూ తెగలేదు."

ఆ ఉత్తరాన్ని గోడకు అంటించింది నక్క.