లోయ అంచున విచారణ

వెనకటికి ఒక కొండసీమలో పల్లకి మోసే బోయీలంతా సంఘం పెట్టుకున్నారు. కొండ ఎక్కేటప్పుడు భుజం మార్చుకోవడానికి ఇంకో నలుగుర్ని ఇమ్మని అడిగారు. పల్లకీల అధికారి భుజంగయ్య ఒప్పుకోలేదు. "సంఘమా? అలాంటిదేమీ లేదు" అన్నాడు. నిజం తేల్చమని రాజుగారు ఒక విచారణకర్తను పంపారు.

భుజంగయ్య ఆయన్ని పల్లకి ఎక్కించి, తనూ పక్కన కూర్చున్నాడు. లోయ అంచున దారి ఇరుకైన చోటు రాగానే "ఇప్పుడు అడగండి" అన్నాడు.

"సంఘంలో ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి" అన్నాడు విచారణకర్త.

మోస్తున్న ఎనిమిదిమంది బోయీలూ రెండు చేతులా పల్లకి దండె పట్టుకుని ఉన్నారు. వదిలితే పల్లకి లోయలోకే. ఒక్కరూ ఎత్తలేదు.

"చూశారుగా, లేదని రాసుకోండి" అన్నాడు భుజంగయ్య మీసం దువ్వుకుంటూ.

ముందువైపు దండె మోస్తున్న బోయీ గంటయ్య అది విన్నాడు. ఆ మాట రాసేస్తే ఇక తమ గోడు వినేవాడుండడు. అయినా అడుగు తడబడనివ్వకుండా మెల్లగా అన్నాడు.

"బాబుగారూ, రాసే ముందు ఇంకొక్కటి అడగండి. సంఘంలో లేనివాళ్ళని చెయ్యెత్తమనండి. అధికారిగారి లెక్కన అందరం ఎత్తాలి గదా."

భుజంగయ్య కిందికి చూసి పల్లకి అంచును కరుచుకున్నాడు. "ఒరేయ్, ఎవరూ ఎత్తకండిరా, మీకు దణ్ణం పెడతాను."

విచారణకర్తకు సంగతి అర్థమైంది. చదునైన చోట పల్లకి దింపించి, మొదటి ప్రశ్నే మళ్ళీ అడిగాడు.

ఎనిమిది చేతులూ లేచాయి. భుజంగయ్య చేతులు మాత్రం ఇంకా పల్లకిని వదల్లేదు.