సర్వాంగసుందరి అనే తుపాకి

పూర్వం పైడిగండి రాజ్యాన్ని గజకేసరి భూపతి ఏలేవాడు. ఆయనకు యుద్ధమంటే బొత్తిగా పడదు గానీ యుద్ధసామగ్రి అంటే పంచప్రాణాలు. ఏ దేశంలో ఏ కొత్త తుపాకి పుట్టినా దాని బారసాల ఈయన కొలువులోనే జరగాలి.

ఆ మోజుకు ఆజ్యం పోసేవాడు మార్తాండ పండితుడు. ఆయన జన్మలో ఒక్క తుపాకీ పేల్చి ఎరుగడు. పండుగనాడు టపాకాయ మోగితే రెండు చెవులూ మూసుకుంటాడు. అయినా ఆయుధాల మంచిచెడ్డలు చెప్పమంటే పొద్దు వాలినా ఆపడు. పోయినేడు, ఉసిరికాయంత గుండు లేనిది తుపాకే కాదన్నాడు. ఈ ఏడు, రేగుగింజంత గుండు చాలు, పెద్ద గుండు మోటు మనుషులకన్నాడు. రెండుసార్లూ రాజుగారు తల ఊపారు. రెండుసార్లూ ఆయుధశాలలో అచ్చులన్నీ పగలగొట్టి కొత్తవి పోశారు. ఏ కొత్త వస్తువు వచ్చినా పండితుడి పలుకు ఒక్కటే: "ఇకమీదట యుద్ధం ఇదివరకటిలా ఉండదు ప్రభూ!"

యుద్ధం మాట ఎలా ఉన్నా, ఆయుధశాల పెద్ద మల్లోజు బతుకు మాత్రం ఇదివరకటిలా ఉండేది కాదు. అచ్చులు పోసేదీ అతనే, పగలగొట్టేదీ అతనే. తాతల నాటి నుంచి కొలిమి పని చేసే ఇంటివాడు. మాట మెత్తన, చూపు చురుకు. మూడు వందల చెకుముకి తుపాకులను కన్నబిడ్డల్లా చూసుకునేవాడు. అవి నల్లగా, మొరటుగా ఉండేవి. మీట నొక్కితే పేలేవి. పేలడం తప్ప వాటికి మరో విద్య రాదు.

ఒకరోజు పండితుడు కొలువులో పట్టుబట్ట తొలగించి, ఒక కొత్త తుపాకిని ప్రదర్శించాడు. దాన్ని ఇద్దరు భటులు మోసుకొచ్చారు.

"దీని పేరు సర్వాంగసుందరి. పైన దూరం చూసే దుర్భిణి. పక్కన చీకట్లో చూసే లాంతరు. కింద దగ్గరి శత్రువుకు బాకు. వెనక తుపాకి మడమ దగ్గర దిక్సూచి. ఎండా వానా పడకుండా మడత గొడుగు. వీరుడు మీసం సరిచూసుకునేందుకు చిన్న అద్దం."

సభ అంతా ఆహా అంది. మల్లోజు దగ్గరికి వెళ్లి తడిమి చూశాడు.

"పండితులవారూ, ఈ మట్టి రంగు ఏమిటండీ?"

"ఎడారి రంగు. ఇసుకలో ఉంటే శత్రువు కంటికి ఆనదు."

"మన రాజ్యంలో వరిచేలు తప్ప ఎడారి లేదు కదండీ?"

"పెద్ద పెద్ద దేశాల సేనలన్నీ ఇప్పుడు ఈ రంగే వాడుతున్నాయయ్యా!"

"అయితే సరేనండి. మన చేలకు కూడా ఈ రంగే పూయిద్దాం" అన్నాడు మల్లోజు ఎంతో వినయంగా.

పండితుడు దాన్ని మెచ్చుకోలే అనుకున్నాడు. రాజుగారు సింహాసనం దిగి వచ్చి, అద్దంలో మీసం చూసుకున్నారు. అక్కడితో నిర్ణయం అయిపోయింది.

"మల్లోజూ! పాత తుపాకులన్నీ కరిగించు. ఆ ఇనుముతో మూడు వందల సర్వాంగసుందరులు తయారు కావాలి. వచ్చే పౌర్ణమికి మొదలుపెట్టు."

మల్లోజుకు ఏటి గట్టు కోట గుర్తొచ్చింది. ఏటి అవతల నాగులమెట్ట రాజు గుర్రపు దళాన్ని పోగుచేస్తున్నాడని వేగులవాళ్లు చెప్పి నాలుగు రోజులు కూడా కాలేదు. ఏటి గట్టు కోటలో ఉన్నది అరవై మంది. అందులో తన బావమరిది లింగోజు ఒకడు.

"ప్రభూ, కొంచెం బరువుగా ఉందేమో..."

"పాతకాలపు మనుషులకు కొత్తది ఎన్నడు గిట్టింది?" అని పండితుడు అందుకున్నాడు. రాజుగారు కనుబొమలు ముడిచారు. ఇంకో మాట అంటే తల మీదికి వస్తుందని మల్లోజు ఊరుకున్నాడు.

నూనె పూసే మిషతో ఆ తుపాకిని బండి మీద ఇంటికి తెచ్చుకున్నాడు. మర్నాడు పొద్దున్నే అరుగు మీద పెట్టుకుని మందు కూరి చూద్దామని కూర్చున్నాడు. మందు దట్టించే కడ్డీ లాగాలంటే బాకు అడ్డం. బాకు తీయాలంటే గొడుగు విప్పాలి. గొడుగు విప్పితే దుర్భిణిలోంచి ఏమీ కనబడదు. చెమటలు కక్కుతున్నాడు.

లోపలి నుంచి భార్య సూరమ్మ కేకేసింది. "ఏమయ్యా, అట్లు చల్లారిపోతున్నాయి. వస్తావా రావా?"

"ఇప్పుడే కదే పెనం పెట్టావు?"

సూరమ్మ అట్లకాడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఇప్పుడేనా! నాలుగు అట్లు దించాను. నువ్వు ఆ గొడుగుతో కుస్తీ పడుతూనే ఉన్నావు. ఈలోగా దొంగ వస్తే నేను ఈ అట్లకాడతోనే తరిమేసేదాన్ని."

మల్లోజు చేతిలో కడ్డీ ఆగిపోయింది. భార్య ముఖం వంక, అట్లకాడ వంక మార్చి మార్చి చూశాడు. తరువాత నాలుగు అట్లూ తృప్తిగా తిని, తుపాకిని మళ్లీ బండికెక్కించి, అట్లకాడ అంగవస్త్రంలో చుట్టుకుని కొలువుకు బయలుదేరాడు.

"ప్రభూ, నిన్న తప్పుగా మాట్లాడాను. ఈ సుందరి మహిమ లోకానికి తెలియాలి. కవాతు మైదానంలో తమరే స్వయంగా దీన్ని ధరించి నిలబడండి. గుండు లేకుండా ఉత్త మందు కూరండి. నేను రెండు వందల బారల దూరం నుంచి ఈ అట్లకాడ పట్టుకుని తమ మీదికి దండెత్తి వస్తాను. నగారా మోగినప్పుడు ఇద్దరం మొదలుపెడదాం."

సభ గొల్లుమంది. "అట్లకాడతోనా!" అన్నాడు పండితుడు, పొట్ట పట్టుకుని.

"నేను చేరేలోగా తుపాకి పేలిందా, పాత తుపాకులన్నీ నా చేతులతోనే కరిగించి, పెళ్లాన్ని తీసుకుని రాజ్యం విడిచిపోతాను. పేలకపోతే పాతవాటిని ముట్టుకోకూడదు."

"సరే!" అన్నారు రాజుగారు. అద్దం తుడిపించుకుని మరీ బయలుదేరారు.

మైదానం నిండా జనం. నగారా మోగింది. మల్లోజు నడక మొదలుపెట్టాడు. పరుగెత్తమని కాళ్లు పోరుతున్నాయి. కానీ పరుగెత్తితే పందెం గెలుస్తాడేమో గానీ రాజుగారి బుర్రలోకి మాట ఎక్కదు. అందుకని అత్తవారింటికి వెళ్లే కొత్త అల్లుడిలా తాపీగా అడుగులు వేశాడు.

అవతల పండితుడు తాళపత్రం చూసి ప్రయోగవిధి చదువుతున్నాడు. "ముందుగా దిక్సూచిలో ఉత్తరం చూడవలెను!"

"శత్రువు తూర్పున వస్తున్నాడయ్యా!"

"అయినా ఉత్తరం చూడవలెను ప్రభూ, విధి. తరువాత లాంతరు వెలిగించి, గొడుగు విప్పవలెను."

గొడుగు విచ్చుకుని రాజుగారి కిరీటాన్ని పక్కకు నెట్టింది. దుర్భిణిలో చూస్తే గొడుగు గుడ్డ తప్ప ఏమీ కనిపించలేదు. మల్లోజు అప్పటికి సగం దూరం వచ్చేశాడు. అక్కడ ఆగి, కాలికి గుచ్చుకున్న పల్లేరు కాయ తీసి పారేసి, మళ్లీ నడిచాడు.

"బాకు తీసి కడ్డీ లాగవలెను. మందు కూరవలెను."

రాజుగారు మందు సంచి విప్పారు. పండితుడు గావుకేక పెట్టాడు. "ఆగండి ప్రభూ! లాంతరు వెలుగుతోంది! మందు దగ్గర నిప్పు!"

రాజుగారు సుందరిని అక్కడే వదిలేసి పది అడుగులు వెనక్కి గెంతారు. పండితుడు ఇరవై గెంతాడు. ఒక భటుడు వచ్చి లాంతరు ఊది ఆర్పాడు. రాజుగారు రొప్పుతూ తిరిగి వచ్చి తుపాకి ఎత్తుకునేసరికి, దాని గొట్టం మీద టింగుమని చప్పుడైంది. ఎదురుగా మల్లోజు. చేతిలో అట్లకాడ.

రాజుగారి ముఖం కందగడ్డలా ఎర్రబడింది.

మల్లోజు అట్లకాడ కింద పెట్టి చేతులు జోడించాడు. "ప్రభూ, మన్నించాలి. నేను నడిచి వచ్చాను. నాగులమెట్టవాళ్లు గుర్రాల మీద వస్తారు. వాళ్లను ఆపవలసింది ఏటి గట్టున ఉన్న ఆ అరవై మంది. వాళ్లకు మీసం చూసుకునే తీరిక ఉండదు."

రాజుగారు వంకర పోయిన కిరీటం తీసి చేత్తో పట్టుకున్నారు. "అరవై మంది" అని తనలో తాను అనుకున్నారు. ఆ తరువాత మెల్లగా, "పాత తుపాకులకు కొత్త చెకుముకి రాళ్లు వేయించి, రేపే గట్టుకు పంపించు. నీకేం కావాలో అది కోరుకో" అన్నారు.

"నాకేమీ వద్దు ప్రభూ. ఈ సర్వాంగసుందరిని, విధి చదివేందుకు పండితులవారిని, నాగులమెట్ట రాజుగారికి స్నేహ కానుకగా పంపించండి."

పండితుడు పొంగిపోయి అప్పటికప్పుడే పల్లకి ఎక్కాడు.

నెల తిరక్కుండానే వేగులవాడు పరుగున వచ్చాడు. "ప్రభూ! నాగులమెట్టలో పాత తుపాకులన్నీ కొలిమికెక్కాయి. గుర్రపు రౌతులను దింపి, దిక్సూచిలో ఉత్తరం చూడటం నేర్పిస్తున్నారు. దండయాత్ర పై ఏడాదికి వాయిదా పడింది. ఇకమీదట యుద్ధం ఇదివరకటిలా ఉండదని అక్కడ అందరూ చెప్పుకుంటున్నారు!"

గజకేసరి భూపతి సింహాసనం చేతులు పట్టుకుని, కళ్ల వెంట నీళ్లు కారేలా నవ్వాడు. నవ్వు ఆగాక తన ముంజేతి బంగారు కడియం తీసి మల్లోజు చేతికి తొడిగాడు.

"నువ్వు మా కొలువులో ఉండబట్టి బతికిపోయాం మల్లోజూ. అదే నాగులమెట్ట రాజు కొలువులో ఉండి ఉంటే ఏం చేసేవాడివయ్యా?"

"ఇంకేముంది ప్రభూ, ఆ తుపాకినీ పండితులవారినీ తమ దగ్గరికే పంపించేవాణ్ణి."

రాజుగారు ఇంకా గట్టిగా నవ్వి, రెండో కడియం కూడా తీసి ఇచ్చేశారు.