శ్రీకృష్ణుడి గురక

తెనాలి దగ్గర ఒక ఊళ్లో నాటక సమాజం నడిపే శేషావతారానికి, ఎవరు ఏ బాధ చెప్పుకున్నా పూర్తిగా వినకుండానే "బద్ధకం!" అని తేల్చేసే గుణం ఉండేది. దుర్యోధనుడి వేషం ఆయనదే. రంగు కడిగేసుకున్నా ఆ దర్పం మాత్రం దిగేది కాదు.

కృష్ణుడి వేషం పానకాలుది. కంచుగంట లాంటి గొంతు. ఆ ఏడాది ఎందుకో ఆ గొంతు బొంగురుపోయింది. ఒళ్లు బరువెక్కింది, మొహం ఉబ్బింది. మండుటెండల్లో కూడా శాలువా కప్పుకుని తిరిగేవాడు. రిహార్సల్‌లో కూర్చుంటే చాలు, కునుకు పట్టేది.

"శేషావతారంగారూ, ఒంట్లో సత్తువ ఉండటం లేదండీ. తిండి తగ్గించినా ఈ ఒళ్లు..." అన్నాడొకరోజు.

"బద్ధకం! తెల్లారే లేచి చన్నీళ్లు పోసుకుని కాలవగట్టు మీద పరుగెత్తు!"

పాపం, పానకాలు వణుకుతూనే పరుగెత్తాడు. నిద్ర ఇంకా ఎక్కువైంది.

తిరునాళ్లలో నాటకం వేశారు. జనం కిటకిటలాడుతున్నారు. పడకసీను వచ్చింది. నిద్ర నటిస్తున్న కృష్ణుడి తలవైపు దుర్యోధనుడు, కాళ్లవైపు అర్జునుడు కూర్చున్నారు. ఇప్పుడు కృష్ణుడు కళ్లు తెరిచి పద్యం ఎత్తుకోవాలి. పద్యం రాలేదు. మైకులో గురక వచ్చింది.

హార్మోనియం మళ్లీ శ్రుతి అందించింది. గురక ఆ శ్రుతిలోనే కలిసింది. "వన్స్ మోర్!" అని అరిచారు జనం. అర్జునుడు గాభరాపడి పాదాలు నొక్కాడు. హాయిగా ఉందేమో, కృష్ణుడు అటు తిరిగి పడుకున్నాడు. చివరికి శేషావతారం కిరీటం సర్దుకుంటున్నట్టు వంగి గట్టిగా గిల్లాడు.

"ఓర్నాయనో!" అంటూ లేచాడు పరమాత్మ.

తెర పడగానే శేషావతారం గద ఎత్తాడు. "ఇకనుంచి నీకు వేషం లేదు, పో!"

పానకాలు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "కావాలని పడుకోలేదండీ. నా ఒళ్లే నా మాట వినడం లేదు."

నాటకం చూడటానికొచ్చిన డాక్టర్ హైమవతి ఆ మాట విని లోపలికొచ్చింది. అతని మెడ తడిమి చూసింది. మర్నాడు రక్తపరీక్ష చేయించి, ఇద్దర్నీ కూర్చోబెట్టింది.

"మెడలో థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. అది తయారుచేసే హార్మోనే ఒంట్లో పనులన్నిటికీ వేగం ఇస్తుంది. ఇతనికి అది తగ్గింది. తబలా మందగిస్తే పాటంతా ఈడ్చుకుపోతుంది కదా, ఇదీ అంతే. చన్నీళ్లతో తగ్గేది కాదు, మందు వాడాలి" అంది.

శేషావతారం తల దించుకున్నాడు. "పానకాలూ, నీ మాట వినకుండా నిన్ను వేధించాను. తప్పయిందిరా" అన్నాడు. వేషం తిరిగి అతనికే ఇచ్చాడు.

రోజూ పరగడుపున మాత్ర వేసుకోగా కొన్ని నెలలకు పానకాలు గొంతు మళ్లీ ఖంగుమంది.

ఆ తర్వాత ఒకనాడు అర్జునుడి వేషగాడు సాంబయ్య ఆలస్యంగా వచ్చి, "ఒంట్లో నలతండీ" అన్నాడు. శేషావతారం వెంటనే కుర్చీ వేశాడు. ఎక్కడ, ఎలా, ఎప్పటినుంచి అని ఓపిగ్గా అడిగాడు. "పద, డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం" అన్నాడు.

సాంబయ్య నసిగాడు. "అంత దూరం వద్దులెండి. మిరపకాయ బజ్జీలు కాస్త ఎక్కువయ్యాయి."

నీతి: మనిషి బాధను పూర్తిగా వినకుండా, కారణం తెలుసుకోకుండా, అతనికి సోమరి అని పేరు పెట్టకూడదు.