గవర్రాజు కారుకి పవర్ బ్రేకులు

కొత్తగరువు గవర్రాజు ఇంట్లో తెలివికి కరువు లేదు. ఆ మాట ఊళ్ళో ఎవరూ అనరు గాని, వాళ్ళే అనుకుంటారు. "మనకి చెప్పింది చెప్పినట్టు చెయ్యడం వచ్చు. లోకంలో సగం గొడవలు సొంత బుర్ర వాడబట్టే వస్తున్నాయి," అంటాడు గవర్రాజు. "మరే," అంటుంది భార్య మంగతాయారు. "నేనూ అదే అందామనుకున్నాను," అంటాడు తమ్ముడు సత్తిపండు.

ఆ ఇంటికి ప్రాణం ఒక కారు. వాళ్ళ తాత ఏదో ఎస్టేటు వేలంలో కొన్న ఫారిన్ బండి. పొడుగు ముక్కు, కండలు తిరిగిన ఒళ్ళు. స్టార్ట్ చేస్తే మూడు వీధుల అవతల కోళ్ళు గుడ్ల మీంచి లేచిపోతాయి. పరుగుకి తిరుగు లేదు, ఆగడమే దానికి చేతకాదు. బ్రేకు పడాలంటే అన్నదమ్ములిద్దరూ నాలుగు కాళ్ళతో తొక్కాలి. అప్పుడు స్టీరింగు వెనక సీట్లోంచి మంగతాయారు తిప్పాలి. పోయిన మాఘంలో పెళ్ళికని బయల్దేరి, ఆ ఊరు దాటి పై ఊళ్ళో ఆగారు. అక్కడా ఏదో పెళ్ళి జరుగుతుంటే భోంచేసి వచ్చారు.

ఇప్పుడు మంగతాయారు తమ్ముడు బుల్లబ్బాయి పెళ్ళి. ఆడపెళ్ళివారిది నేలపాడు, ఎనిమిది కిలోమీటర్లు. ముహూర్తం శుక్రవారం పదకొండుంపావుకి.

"ఏవండీ, మా తమ్ముడు మన కార్లోనే పెళ్ళికి రావాలి. పందిరి ముందే ఆగాలి. లేకపోతే పదిమందిలో నేను తలెత్తుకోలేను," అంది మంగతాయారు.

గవర్రాజుకి కళ్ళు చెమర్చాయి. భార్య అంటే అతనికి అంత ప్రేమ. "మాటిస్తున్నాను తాయారూ!" అన్నాడు.

అంతే, టౌను నుంచి జిలానీ మేస్త్రీని పిలిపించారు. ఆయన ఒక గుండ్రటి ఇనప డబ్బా తెచ్చి పెడలుకి ముందు బిగించాడు. దాన్నుంచి ఇంజనుకి ఒక రబ్బరు గొట్టం తగిలించాడు.

"డబ్బాలో గాలిని ఇంజను లాగేస్తుందండీ. ఆ బలం మీ కాలికి సాయం వస్తుంది. ఇకనుంచి ఒక్క కాలు చాలు," అన్నాడు జిలానీ.

"అయితే రెండో కాలు ఇంట్లో పెట్టి రావచ్చా?" అన్నాడు సత్తిపండు ఆశగా.

జిలానీ పానా అందుకున్నాడు. బ్రేకు నూనెలో చేరిన గాలి తియ్యడానికి చక్రం దగ్గర కూర్చుని, "గవర్రాజుగారూ, తొక్కి పట్టుకోండి. నేను వదలమనేదాకా వదలకండి," అన్నాడు. మరలు విప్పి బిగించాడు. ఇంతలో మంగతాయారు అన్నానికి పిలిచింది. పులస పులుసు కాకపోయినా చేపల పులుసే కదా, జిలానీ లేచిపోయాడు. తిని అరుగు మీద కునుకు తీశాడు. ఇంకేముంది, గవర్రాజు పెడలు మీదే ఉన్నాడు! మంగతాయారు కారు కిటికీలోంచి ముద్దలు పెట్టింది. నాలుగింటికి జిలానీ లేచొచ్చి, "ఇంకా వదల్లేదా?" అని తల పట్టుకున్నాడు.

"మీరు వదలమంటేగా!" అన్నాడు గవర్రాజు గర్వంగా.

వెళ్తూ వెళ్తూ జిలానీ రెండు జాగ్రత్తలు చెప్పాడు. "ఈ గొట్టం ఊడకుండా చూసుకోండి. ముందు ఖాళీ బండి ఆపి చూసుకున్నాకే మనుషుల్ని ఎక్కించండి."

శుక్రవారం పొద్దున్నే మంగతాయారుతో సహా పెళ్ళివారంతా బస్సులో వెళ్ళిపోయారు. కారు కోసం పెళ్ళికొడుకు ఒక్కడే బాసికం కట్టుకుని అదే ఊళ్ళో ఉన్న తన ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. గవర్రాజు బండి తీసుకొచ్చాడు. గొట్టం ఊడకుండా చూడాలిగా, అందుకని బానెట్ ఎత్తి, సత్తిపండు ఇంజను పక్కన చతికిలబడి గొట్టాన్నే చూస్తున్నాడు.

"బుల్లబ్బాయ్, ఇప్పుడే ఎక్కకు. ముందు ఖాళీగా ఆపి చూడాలి. ఆపాల్సింది నేలపాడు పందిరి ముందు కదా? అక్కడ ఆపి చూసొచ్చి నిన్ను తీసుకెళ్తాను."

"మా బావకి ఎంత జాగ్రత్తో!" అని మురిసిపోయాడు పెళ్ళికొడుకు.

ఎత్తిన బానెట్ వల్ల గవర్రాజుకి రోడ్డు కనబడదు. "ఎడమకి అన్నయ్యా! గేదె! కుడికి!" అని సత్తిపండు అరుస్తుంటే నడిపాడు. పందిరి ముందు బ్రేకు మీద బొటనవేలు ఆనించాడో లేదో, బండి ఠక్కున ఆగింది. గవర్రాజుకి ఆనందంతో ఏడుపొచ్చింది. సన్నాయి మోగింది. ముత్తైదువలు హారతి పళ్ళెంతో పరుగెత్తుకొచ్చి చూస్తే లోపల ఎవరూ లేరు.

"పెళ్ళికొడుకేడయ్యా?" అన్నాడు పెళ్ళికూతురి తండ్రి వీరభద్రం.

"ముందు ఖాళీగా ఆపి చూడమన్నారండి బాబాయిగారూ. ఆగింది!"

"ఓరి నీ తెలివి తెల్లారా! ముహూర్తానికి ముప్పావుగంటే ఉంది. పో, పోయి తీసుకురా! ఎక్కడా ఆగకు!"

ఇంకేముంది! గవర్రాజు ఎక్కడా ఆగలేదు. కొత్తగరువు వెళ్ళాడు, బుల్లబ్బాయి ఇంటి ముందు నుంచి దూసుకుపోయాడు, రామకోవెల చుట్టూ తిప్పుకుని అదే వేగంతో వెనక్కొచ్చాడు. పెళ్ళికొడుకు ఎగిరి గంతేసి చెయ్యి ఊపాడు. కారు పోయింది. అతను ఘొల్లుమని, అటుగా వచ్చిన పాలవాడి మోపెడ్ ఎక్కి, రెండు క్యాన్ల మధ్య ఇరుక్కుని కాలవగట్టు అడ్డదారిన నేలపాడు చేరాడు. సరిగ్గా ముహూర్తానికి తాళి కట్టాడు. అక్షింతలు పడుతుండగా, బానెట్ అడ్డంతో దారి తప్పి చుట్టు తిరిగిన కారొచ్చి పందిరి ముందు ఠక్కున ఆగింది.

గవర్రాజు పీటల మీద బావమరిదిని చూసి తెల్లబోయాడు. "నువ్వెప్పుడొచ్చావురా?"

"ఆపకుండా పోయావేంటి బావా? చెయ్యి ఊపాను కదా!"

"నేనూ ఊపాను కదా! బాబాయిగారు ఎక్కడా ఆగొద్దన్నారు మరి."

మంగతాయారు ముక్కు చీదింది. "మన కార్లో రావలసిన నా తమ్ముడు పాలబండి మీద పెళ్ళికి రావడమా! నాకిచ్చిన మాట ఏమైందండీ?"

గవర్రాజు పీటల దగ్గరికి పరుగెత్తాడు. అంతే, కొంగుముడి ఊడకుండా పెళ్ళికొడుకునీ పెళ్ళికూతురినీ పీటల మీంచి లేపి కార్లో కూర్చోబెట్టాడు. బండి కదిలింది.

"ఒరేయ్! మా పిల్లని ఎక్కడికి తీసుకెళ్తున్నావు?" వీరభద్రం పంచె ఎగ్గట్టి వెంటపడ్డాడు.

గవర్రాజు కిటికీలోంచి తల బయటపెట్టి కేక వేశాడు. "వీణ్ణి వాళ్ళింటి దగ్గర దింపేసి, మళ్ళీ ఎక్కించుకుని పెళ్ళికి తీసుకొస్తానండీ! ముహూర్తం కాస్త ఆపండి!"