బోయీ గురవడి బద్ధకం

మిట్టమధ్యాహ్నం నడిదారిలో దివానుగారి పల్లకీ దించేశారు బోయీలు. "గుక్కెడు గంజికి ఇక మొయ్యం. కూలి ఇస్తేనే భుజం పెడతాం" అన్నాడు వాళ్ళ పెద్ద గురవడు. దివాను అతణ్ణి రాజు ముందుకు ఈడ్పించాడు.

"ప్రభూ! తమరు ఇంటింటికీ నెలనెలా ఊరికే జొన్నలు పంచుతున్నారు. వీళ్ళకు బద్ధకం పట్టుకుంది. ఆపించండి!"

గురవడికి ఒళ్ళు మండిపోయింది. "మహారాజా, ఊరికే తింటే ఒళ్ళు వంగదంటున్నారు దివానుగారు. నేను తింటున్నది మూడు నెలలుగా. ఇనాం ఊళ్ళ పంట వారు తింటున్నది మూడు తరాలుగా. పల్లకీ దించిన చోటి నుంచి నేను నడిచొచ్చాను. వారెలా వచ్చారో అడగండి!"

రాజు వాకిలి వైపు చూశాడు. అక్కడ నలుగురు కొత్త బోయీలు దివానుగారివ్వాల్సిన కూలి కోసం కాచుకుని ఉన్నారు.