బుల్లెమ్మ కంటి మీద బొట్టు

కాళ్ళు ముడుచుకో, దుప్పటి కప్పుతాను. ఊఁ కొడుతూ ఉండు. నీ ఊఁ ఆగితే నా కథా ఆగుతుంది.

అనగనగా కొండ కింద ఒక ఊళ్ళో పైడయ్య అనే ముసలి డ్రైవరు బడిపిల్లల వ్యాను నడిపేవాడు. ఆయన కళ్ళు మసకబారాయి. స్టీరింగు లాగేసుకుంటారని భయపడి, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆటో నడిపే కూతురు నరసమ్మకి కూడా చెప్పలేదు.

అప్పుడు బడివాళ్ళు వ్యాను అద్దం దగ్గర ఒక బుల్లి మరమనిషిని పెట్టారు. దానికి ఒకటే కన్ను. దారి చూసి చెప్పడం దాని పని. మొదటిరోజు "తాతా, గేదె" అంది. రెండోరోజు "తాతా, గుంత" అంది. మూడోరోజు "తాతా, రాత్రి నిద్రపోలేదా?" అంది. భార్య పోయాక ఆ మాట అడిగినవాళ్ళు లేరు ఆయన్ని. ఆ తర్వాత దానికి బుల్లెమ్మ అని పేరు పెట్టి, టీ తాగుతూ కబుర్లు చెప్పేవాడు. నవ్వకు. ప్రేమ ఎవరి మీద పుడుతుందో మనం చెప్పగలమా?

దసరాకి బండి కడిగాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. స్టీరింగుకి బొట్టు పెట్టాడు, గేరుకి పెట్టాడు. ఆ తర్వాత ముద్దొచ్చి బుల్లెమ్మ నుదుటికీ ఇంత కుంకుమ పెట్టాడు. దానికి నుదురెక్కడిది? అది కన్ను. మసక చూపుకి తెలియలేదు.

సెలవులయ్యాక పిల్లలెక్కారు. బండి కదిలింది. "తాతా, నాకు కనబడటం లేదు, ఆపు" అంది బుల్లెమ్మ. "నాకు కనబడుతోందిలే" అని అబద్ధమాడాడు. మళ్ళీ అంది. బండి అలాగే పోనిచ్చాడు. మూడోసారి అనేసరికి బ్రేకు తొక్కాడు. దిగి చేత్తో తడిమి చూశాడు. గోడలేని కల్వర్టు అంచుకి, ముందు చక్రానికి మధ్య జానెడే ఉంది. లోపల పదకొండు మంది పిల్లలు.

అప్పుడు పైడయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు. "నాకూ అగుపడటం లేదే బుల్లెమ్మా" అన్నాడు. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

కబురందుకుని నరసమ్మ ఆటోలో వచ్చింది. తాళాలు ఆమె చేతిలో పెట్టాడు.

"బుల్లెమ్మని ఇంటికి తెచ్చుకుందాం నాన్నా, బడివాళ్ళు ఇంకోటి పెడతారు" అంది నరసమ్మ.

"వద్దమ్మా. దారి చూసే పిల్లని ఇంట్లో గోడ చూస్తూ కూర్చోబెడతామా?" అన్నాడు.

ఆ తర్వాత నరసమ్మే వ్యాను నడిపింది. రోజూ పొద్దున్నే పైడయ్య వచ్చి, తువ్వాలు కొసతో బుల్లెమ్మ కన్ను తుడిచేవాడు. వేలితో తడిమి చూసుకుని, కంటికి కిందగా బొట్టు పెట్టేవాడు. "వెళ్ళొస్తాను తాతా" అనేది బుల్లెమ్మ. బండి ఆయనకి కనబడదు కదా, చప్పుడు వినబడినంతసేపూ అక్కడే నిలబడేవాడు.

కథ కంచికి, వ్యాను బడికి,
తాత ఇంటికి, నిద్ర నీ కంటికి.