పదమూడో తల

ఎర్రగట్టు కొండ కింద వేరుశనగ చేలు. కొండకీ చేలకీ మధ్య ఒక ఎండిన వాగు. ఆ కొండ మీద అడవిపందుల గుంపొకటి ఉండేది. పెద్దవి ఐదు, పిల్లలు ఎనిమిది, మొత్తం పదమూడు. గుంపుకు పెద్ద నల్లపూస అనే ఆడపంది. దానికి లెక్కంటే ప్రాణం. ఎన్ని దుంపలున్నాయి, ఎన్ని నోళ్ళున్నాయి, ఒక్కో నోటికి ఎన్ని వస్తాయి అన్నది నేలలో మూతి పెట్టకముందే తేల్చేసేది.

ఆ ఏడు కొండ మీద దుంపలు లేవు. గుంపు చేలలో పడింది. ఓబులేసు అనే రైతు పంటను మొలకలప్పుడు ఒకసారి తవ్విపోసింది. అతను అప్పు చేసి మళ్ళీ విత్తితే, ఊడలు దిగే వేళకు వచ్చి నాలుగెకరాల్లో రెండెకరాలు ఖాళీ చేసింది. ఊరంతా వెళ్ళి మొరపెట్టుకుంటే అటవీ శాఖ వాళ్ళు వచ్చారు.

తుపాకులు తెస్తారనుకుంటే మొక్కజొన్న తెచ్చారు. వాగు ఒడ్డున రోజుకో బస్తా పోసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవారు. మూడు రోజులకోసారి ఆ పక్కన ఒక ఇనప జాలీ పాతేవారు. నల్లపూస ఏ రోజుకా రోజు నిన్నటితో పోల్చి చూసుకునేది. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఒక్క జాలీయే కదా అని గుంపును తినమనేది. అలా ఇరవై నాలుగు రోజుల్లో ఎనిమిది జాలీలు కలిసి గుండ్రటి దొడ్డి అయ్యాయి. దారి ఒక్కటే, దాని మీద పైకి లేపి కట్టిన తలుపు. ఎదురుగా చెట్టుకు కెమెరా.

నల్లపూసకు అప్పుడు అనుమానం వచ్చింది. గట్టున మేస్తున్న మైలన్న దగ్గరికి వెళ్ళింది. మైలన్న ఓబులేసు ఎద్దు. ఆ జాలీలన్నీ బండి మీద లాగి తెచ్చింది అదే. అబద్ధమాడటం దానికి చేతకాదు.

"తమ్ముడూ, ఆ తలుపు ఇంకా ఎందుకు పడలేదు?"

"పదమూడూ లోపలికొస్తే పడేస్తారంట అక్కా. ఒక్కటి బయట మిగిలినా అది మిగతా గుంపులకు చెప్పేస్తుంది, ఇక ఏ పందీ దొడ్డి తొక్కదు అని అటవీ శాఖ సారు మా రైతుతో అంటుంటే విన్నాను."

"మీ రైతు పక్షాన ఉండి నాకెందుకు చెప్తున్నావు?"

"అడిగావు, చెప్పాను. ఈసారి కాయ ఇంటికి రాకపోతే నన్ను సంతకు తోలేస్తారు. మీరు అక్కడ మొక్కజొన్నలు తింటున్నన్నాళ్ళూ మా చేని జోలికి రారు. నాకంతే కావాలి."

నల్లపూస అక్కడే నిలబడి లెక్క వేసింది. పంట పీకడానికి ఇంకా నలభై రోజులు. రోజుకొకరు బయట కూర్చుంటే లోపల ఎప్పుడూ పన్నెండే. తలుపు పడదు, బస్తా ఆగదు. నలభై బస్తాలు కడుపులోకి, పంట ఓబులేసు ఇంటికి. ఎవరికీ నష్టం లేదు.

పదకొండు రోజులు లెక్క తప్పలేదు. సారు ఫోన్లో చూసుకుని పన్నెండు, మళ్ళీ పన్నెండు అని తల పట్టుకునేవాడట. ఒక రోజు బెల్లం కలిపించాడు, ఒక రోజు రెండు బస్తాలు పోయించాడు. పందులు పడీపడీ నవ్వుకున్నాయి. కానీ వంతు వచ్చినప్పుడు బయట ఉండటానికి మాత్రం ఒక్కొక్కటీ మూతి ముడిచేది. పిల్లల ఆకలి చూడలేక వాటి వంతులన్నీ నల్లపూసే తీసుకుంది. దాని పక్కటెముకలు తేలాయి.

పన్నెండో రోజు పొద్దువాలే వేళ అది ఒడ్డున కూర్చుని ఉండగా, అవతలి కొండ నుంచి కోరగాడు దిగాడు. గుంపూ గూడూ లేని ఒంటి మగపంది. పలకరింపు కూడా లేకుండా నేరుగా దొడ్డిలోకి దూరాడు.

నల్లపూసకు ఒళ్ళు మండింది. "సిగ్గులేనివాడు, పిల్లల నోటి దగ్గర కూడు లాక్కుంటున్నాడు" అనుకుంది. అలవాటుగా వాటాలు వేసింది. నిన్నటిదాకా బస్తా పన్నెండు భాగాలు. ఇప్పుడు పదమూడు.

పదమూడు అనుకున్నాక గానీ దాని కాళ్ళు లేవలేదు. బయటికి రమ్మని అరుస్తూ పరుగెత్తింది. లోపల నములుతున్న చప్పుడులో ఎవరికీ వినపడలేదు. అది సగం దూరంలో ఉండగానే తలుపు పడింది.

తెల్లారి లారీ వచ్చింది. సారు వేలు చూపిస్తూ పదమూడు లెక్కపెట్టాడు. ఓబులేసు చెమ్మగిల్లిన కళ్ళతో ఆయనకు దండం పెట్టాడు. పొదచాటు నుంచి నల్లపూస గట్టున ఉన్న మైలన్నతో అంది.

"అందులో ఒకడు మావాడు కాడు. నేనిక్కడున్నాను."

"వాళ్ళకు తలలే లెక్క అక్కా. ఎవరి తల అని చూడరు."

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"చెప్పలేదు. తిరిగి తెస్తామని మాత్రం అనలేదు." మైలన్న నోట్లోని గడ్డి వదిలేసింది. "నన్నిక అమ్మరు. సంతోషించాల్సిందే. అయినా ఇవాళ మేత దిగడం లేదు."

లారీ కదిలింది. పిల్లల అరుపులు మలుపు తిరిగేదాకా వినిపించాయి. నల్లపూస ఒక్కటే కొండెక్కింది.

ఎదుటివాడి లెక్క నిండకపోవడమే తనకు రక్ష అనుకునేవాడు, తాను లేకుండా కూడా అది నిండగలదని మరవకూడదు.